మొదటి బిందె

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం మధ్యాహ్న భోజనం వేళ వరండాలో ఒకటి చూశాను. చేతికి కట్టుతో వచ్చిన ఆరో తరగతి పిల్లవాడికి తొమ్మిదో తరగతి అమ్మాయి అన్నంలో పప్పు కలిపి పెడుతోంది. తన ప్లేటు పక్కనే చల్లారిపోతోంది. తమ్ముడా అని అడిగితే కాదంది. ఎవరైనా సార్లు చెప్పారా అంటే అదీ కాదంది. "మా అమ్మ మా పక్కింటి తాతకు ఇట్లనే కలిపిస్తది సార్" అని మళ్లీ కలపడంలో పడింది.

అప్పటి నుంచి మా అమ్మే గుర్తొస్తోంది. అందుకే ఈ నెల ఉత్తరం ఆమె గురించి.

మాది మర్రిగూడ వైపు ఊరు. ఆ పక్క నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో అది దాటే ఉండేది. నీళ్లు కాచినా అది పోదు. ముందు పళ్లకు గార పట్టేది, ఏళ్లు గడిచే కొద్దీ కీళ్లు బిగుసుకుపోయేవి, నడుములు వంగేవి. ఊరి చివర పాత బావి నీళ్లు కొంచెం నయమని అందరూ అక్కడికే పోయేవాళ్లు.

మా ఎదురింటి అవ్వకు నడుము పూర్తిగా వంగిపోయింది. చేతులు భుజాల దాకా కూడా లేచేవి కావు. అమ్మ తెల్లారకముందే లేచి, నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకుని, బావికి పోయి బిందె తెచ్చేది. మొదటి బిందె మా ఇంటికి రాదు. నేరుగా అవ్వ వాకిట్లోకి పోయి, గోలెంలో నిన్నటి నీళ్లు వంపేసి, అరచేత్తో అంచు తుడిచి, బిందెడు పోసి వచ్చేది. రెండో బిందె నుంచి మాకు.

ఎండాకాలం బావి అడుగంటినప్పుడు తొలి బిందె ఒక్కటే తేటగా ఉండేది, తర్వాత వచ్చేదంతా బురద. మంచి నీళ్లు ఆమెకెందుకు, మనకెందుకు కాదని ఒకరోజు అలిగాను. "మీకు నేను బట్టతోని వడగట్టి ఇస్త. ఆమెకు వడగట్టేటందుకు చేతులు లేవవు కదరా" అంది. దాని గురించి ఆమె నాకు చెప్పింది ఆ ఒక్క మాటే. ఊళ్లో ఎవరికీ చెప్పుకోగా నేను వినలేదు.

2016లో మిషన్ భగీరథ మొదలై, తర్వాత ఊరికి నల్లా నీళ్లు వచ్చాయి. అమ్మా లేదు, అవ్వా లేదు. హైదరాబాద్‌లో ఉండే మా చెల్లె మాత్రం వంట కాగానే మొదటి గిన్నె కింద వాచ్‌మన్ వాళ్ల తల్లికి పంపిస్తుంది. ఎవరు నేర్పారే అని అడిగితే కాసేపు ఆలోచించి "ఏమో అన్నా, మొదటి నుంచీ గంతే" అంది. నేనూ బడిలో అన్నం వరుస దగ్గర నిలబడలేని పిల్లలను ముందుకు పిలుస్తాను. అది అమ్మ బిందె నుంచి వచ్చిందని ఆ అమ్మాయి మాట వినే దాకా నాకే తట్టలేదు.

పోచంపల్లి కథ పిల్లలకు ఏటా చెబుతాం. అప్పట్లో అది మన నల్గొండ జిల్లాలోనే ఉండేది. 1951 ఏప్రిల్ 18న దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూమిలో కొంత అర్హులకు పంచాలన్నది చనిపోయిన తన తండ్రి కోరిక అని ఆయన చెప్పారు. భూదానోద్యమం అక్కడ మొదలైందని పిల్లలు పరీక్షలో బాగానే రాస్తారు. ఆ తండ్రి మాట దగ్గర కూడా కాసేపు ఆగాలని ఈ ఏడు నాకు అనిపించింది.

అందుకే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు చిన్న పని ఇచ్చాను. అమ్మానాన్నలు ఇతరులకు చేస్తుండగా మీరు చూసిన ఒక సాయం రాసుకు రండి, ఇంట్లో అడగొద్దు, చూసిందే రాయండి అన్నాను. నోట్‌బుక్కులు వచ్చాయి. రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని చదివాను. ఒక పిల్లవాడు మూడే ముక్కలు రాశాడు: "మా నాన్న ట్రాక్టర్ మీద వచ్చేటప్పుడు తొవ్వలో ముసలోళ్లను ఎక్కించుకుంటడు. పైసలు తీసుకోడు. నేను చూసిన్నని నాన్నకు తెల్వదు."

శనివారం మీటింగ్‌కు ఆ నోట్‌బుక్కులను మీ పిల్లల బెంచీల మీదే పెడతాం. మార్కులు, హాజరు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు వచ్చి, కూర్చుని, మీ బిడ్డ రాసింది చదవండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు