పరకాల బాపుకు, ఇంకా అందరికీ నా దండాలు

నిన్న సాయంత్రం లా కాలేజీల నా సీటు ఖాయమైంది. మూడేండ్ల ఎల్‌ఎల్‌బీ. ఒళ్లంతా నొప్పులు, కండ్లు మూతలు పడుతున్నయి, అయినా ఈ నాలుగు ముక్కలు రాస్తేగాని నిద్ర పట్టేటట్టు లేదు. ఫోన్లు చేసినోళ్లందరికీ విడివిడిగ చెప్పే ఓపిక లేదు, ఏమనుకోవద్దు.

తెలియనోళ్ల కోసం చెప్తున్న. నాది నర్సంపేటల టైలరింగ్ షాపు. పదో తరగతి కాంగనే పెండ్లి చేసిన్రు. పిల్లలు బడికి పోవుడు మొదలైనంక ఓపెన్ స్కూల్ల ఇంటర్ కట్టిన, తర్వాత అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీల బీఏ. పగలు మిషన్, రాత్రి పుస్తకం, ఆదివారం క్లాసులకు హన్మకొండ బస్సు. లా కాలేజీల చేరేందుకు రాసే పరీక్ష లాసెట్‌కు వయసు అడ్డం రాదు, డిగ్రీల మార్కుల శాతం ఉంటే చాలు. ర్యాంకు వచ్చింది, సీటు అలాటైంది. ఫీజు పైసలు జమ చేసేసరికి రిపోర్టింగ్‌కు ఆఖరు రోజు వచ్చింది. అదే నిన్న.

కాలేజీ పేరు రాయను, ఇగ మూడేండ్లు అక్కడనే చదువాలె కదా. ఆఫీసుల సారు నా డిగ్రీ మెమో చూసిండు. "ఓపెన్‌దా? ఓపెన్ డిగ్రీకి లా సీటు చెల్లదమ్మా" అన్నడు. కింద ఇంటర్ మెమో ఉంది, చూడండి సార్ అంటే పేజీ కూడ తిప్పలే. మరి సీటు ఎట్ల అలాట్ చేసిన్రు అంటే "వాళ్లనే పోయి అడుగు" అని ఫైలు నా దిక్కు జరిపిండు. బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. ఫైలు దారం ముడి వేద్దామంటే చేతులు ఆడలే. రోజంతా సూదిల దారం ఎక్కించే చేతులు ఇవి.

అప్పుడు వచ్చి పక్కన కూసున్నరు ఒక పెద్దమనిషి. తెల్లంగి, జేబుల రెండు పెన్నులు, చేతిల ప్లాస్టిక్ కవర్. "ఏమైంది బిడ్డా, మొఖం అట్ల పెట్టుకున్నవు?" అన్నరు. మనుమరాలి అడ్మిషన్‌కు పరకాల నుంచి వచ్చిన్రట, కోర్టుల బెంచ్ క్లర్క్‌గ చేసి రిటైరైన్రట. వాళ్ల పని అప్పటికే అయిపోయింది, బస్సుకు పోవుడే ఉంది. నేను చెప్పిందంత విని ఒక్కటే అడిగిన్రు: "నడుమ ఇంటర్ చేసినవా, లేదా?" చేసిన అన్న. "అయితే లే."

లా చదువుకు రూల్స్ పెట్టేది బార్ కౌన్సిల్. వాళ్ల 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ మనుమరాలు ఫోన్ల తీసింది. ఎదురుంగ జిరాక్స్ షాపుల ఐదో రూలు ఉన్న పేజీ ప్రింట్ కొట్టించిన్రు. నా లెక్క ఓపెన్‌ల చదివినోళ్లకు పనికొస్తదని రాస్తున్న: కింది చదువు లేకుండ నేరుగ ఓపెన్‌ల ఇంటరో డిగ్రీయో చేసినోళ్లకు లా అడ్మిషన్ లేదు. పది, ఇంటర్, డిగ్రీ వరుసగ చేసినోళ్లు దూరవిద్యల చేసినా సరే, అర్హులే. రెండూ ఆ రూల్లనే ఉన్నయి. కౌంటర్ల కూసున్నోళ్లు మొదటి ముక్క ఎవరి నోటనో విని ఉంటరు, రెండోది చదివి ఉండరు.

ఆ కవర్లకెల్లి తెల్లకాగితాలు తీసిన్రు, వాటి నడుమ పెట్టేందుకు కార్బన్ పేపర్ కూడ తీసిన్రు. ఈ రోజుల్ల కార్బన్ పేపర్ ఎంట పెట్టుకొని తిరిగేటోళ్లు ఉన్నరా! ప్రిన్సిపాల్ సారు పేర దరఖాస్తు రాసి నాతోటి సంతకం పెట్టించిన్రు. "ఆఫీసుల ఏ కాగితం ఇచ్చినా, ముట్టినట్టు రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవాలె బిడ్డా. ముద్ర లేకుంటే ఇయ్యనట్టే" అన్నరు.

ప్రిన్సిపాల్ సారు మీటింగ్‌ల ఉన్నరని బయట బల్ల మీద కూసోబెట్టిన్రు. బాపుకు షుగరట. అన్నం టైం దాటిపోతే జేబులకెల్లి రెండు ఉప్పు బిస్కెట్లు తీసి, ఒకటి నా చేతిల పెట్టిన్రు. మీరు పోండి బాపూ, బస్సు పోతది అంటే, "పరకాలకు బస్సులకేం కొదువ" అన్నరు.

లోపలికి పిలిచినంక ప్రింట్ కాగితం బాపు చేతిలనే ఉంది. ఆయనే చదువుతరనుకున్న. నా చేతికిచ్చి, "నువ్వే చదువు. రేపు కోర్టుల చదివేది నువ్వే కదా" అన్నరు. నేను తెలుగు మీడియం. బడి విడిచినంక నలుగురి ముందట ఇంగ్లీష్ పైకి చదివింది లేదు. కరెస్పాండెన్స్ అన్న కాడ నాలుక మడత పడ్డది. ఆయన అందియ్యలే, ఆగిన్రు. నేనే పూర్తి చేసిన. ప్రిన్సిపాల్ సారు నా ఇంటర్ మెమో తిప్పి చూసి, "కరెక్టే ఉంది కదా, తీసుకోండి" అన్నరు. ఆ ఒక్క మాటకు పొద్దటి నుంచి పొద్దుమీకేదాక.

నేను ఏడ్చింది అప్పుడు కాదు. ఫీజు కట్టి బయటికొచ్చినంక బాపు రసీదు అడిగి తీసుకొని, కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టి, నా పేరు ఒక్కొక్క అక్షరం పదో తరగతి మెమోతోటి సరి చూసిన్రు. ఇంటి పేరుల ఒక అక్షరం తప్పు పడ్డది. వాపస్ పోయి దిద్దిచ్చుకొని వచ్చిన్రు. నా కాగితాలను అంత పట్టింపుతోటి చూసిన మనిషి ఇన్నేండ్లల్ల ఒక్కరు లేరు. జిరాక్స్ పైసలు ఇయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టిన్రు. పేరు అడిగేలోపలనే మనుమరాలు ఆటో ఎక్కించింది. పరకాలోళ్లు ఎవరైనా ఇది చదివితే, గుర్తుపడితే, ఆయనకు చదివి వినిపించండి.

ఒక్క మాట కోపంగనే అంటున్న. దేశంలనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982ల మన దగ్గరనే పెట్టిన్రు. నలభై ఏండ్లు దాటినా ఓపెన్ అనంగనే దొంగ సర్టిఫికెట్ చూసినట్టు చూస్తరు. ఇంకోదిక్కు, ఇంటికాడనే కూసొని డిస్టెన్స్‌ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చని నాకు ఫోన్లు చేసిన ఏజెంట్లకు లెక్కే లేదు. లా డిగ్రీ డిస్టెన్స్‌ల చెల్లదు, దాంతోటి అడ్వకేట్‌గ ఎన్‌రోల్ కారు. దయచేసి పైసలు కట్టకండి. రెగ్యులర్ క్లాసులు, 70 శాతం హాజరు ఉండాలె. పని చేసుకొని బతికేటోళ్లు ఆ హాజరు ఎట్ల తేవాలెనో ఏ రూల్లనూ రాయలే.

మా ఆయన, పిల్లలు, అత్తమ్మ ఉన్నరు, వాళ్లది వేరే చెప్పేది లేదు.

అయ్యో, మరిచిన: జిరాక్స్ షాపు తమ్ముడు కరెంటు పోతే జనరేటర్ వేసి మరీ ప్రింట్ ఇచ్చిండు. స్టడీ సెంటర్ల పాత నోట్సులు ఇచ్చిన అక్క. లాసెట్ మాక్ పేపర్లు పంపిన పక్క షాపు మొబైల్ రిపేర్ తమ్ముడు. ఫీజుకు తక్కువ పడితే చీటీ పైసలు ముందుగాల ఇచ్చిన మా గల్లీ వదిన. అందరికీ దండాలు. ఇంకెవరినన్న మరిచి ఉంటే తిట్టుకోకండి, కింద రాయండి, కలుపుత.

బతుకమ్మకు జాకెట్లు ఇచ్చినోళ్లు రేపు ఫోన్ చేయకండి. ఎంగిలిపూల నాటికి అన్నీ అయితయి, చేతిపని ఉన్నయి మాత్రం ఒక రోజు అటీటు.