కవచానికి కడుపు కనిపించాలా?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో వీడియో గేమ్ ఆర్ట్ నేర్చుకుంటున్న మన పిల్లల పోర్ట్‌ఫోలియోల్లో ఒకే తప్పు పదే పదే కనిపిస్తోంది. యోధుడికి మెడ నుంచి మడమ దాకా ఇనుము. యోధురాలికి ఛాతీ మీద రెండు గిన్నెలు, పొట్ట బయటికి. చూడ్డానికే కాదు, పనితనంలోనూ ఇది లోపమే.

ఛాతీ పలక నడిమి గీత ముందుకు ఉబ్బి ఉంటే తగిలిన కత్తిమొన పక్కకు జారిపోతుంది. రెండు గిన్నెల మధ్య లోయ చేస్తే ఆ మొన తిన్నగా రొమ్ము ఎముక మీదికే వస్తుంది. పలక కింద దూది పెట్టి కుట్టిన దళసరి అంగీ ఉండాలి, లేకపోతే దెబ్బ అదురంతా ఒంటికే. ఆ అంగీకి చోటు వదిలితే ఆడా మగా తేడా బయటికి పెద్దగా తెలియదు. యూరప్ పూర్తి ఉక్కు కవచం 15 నుంచి 25 కిలోలు ఉంటుంది. పలకను నడుము దగ్గర సన్నగా వంచితే కొంత బరువు తుంటి మోస్తుంది.

ఇక రిగ్గింగ్, అంటే బొమ్మ కదలడానికి లోపల కంప్యూటర్ ఎముకలు (బోన్‌లు) అమర్చడం. భుజం పలకను పైచేతి బోన్‌కే కట్టేస్తే చెయ్యెత్తగానే అది చెంపలోకి దూరుతుంది. వేరే బోన్ పెట్టి, చేతి తిప్పుడులో సగమే ఇవ్వండి. చంకలో, మోకాలి వెనక పలక వద్దు, గొలుసు అల్లికే.

మన దగ్గరి ‘చార్ ఐనా’ అనే పాతకాలపు కవచం చూడండి: ఛాతీకి, వీపుకి, రెండు పక్కలకి నాలుగే పలకలు, చంకల కింద అర్ధచంద్రపు కోత. పట్టీల పొడవు మారిస్తే ఒకే మోడల్ ఇద్దరికీ సరిపోతుంది.

— ఇద్దరు గేమ్ ఆర్టిస్టులు, కోరమంగళ, బెంగళూరు