సూరికి ఉత్తరం: ఆ గీత ఎందుకు పడిపోయింది?

ఒరేయ్ సూరీ,

"లెక్కల మాస్టారివి, సోషల్ క్లాసులో నీకేం పనిరా?" అని మొన్న ఎగతాళి చేశావుగా. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ఇక్కడ అట్లాంటాలో మా పిల్లలకి పౌరహక్కుల ఉద్యమం అంటే గోడ మీద మార్టిన్ లూథర్ కింగ్ ఫొటో. ఆయన పుట్టిందీ ఊళ్ళోనే కాబట్టి మరీ అలవాటైపోయింది. అందుకని సోషల్ టీచరమ్మా నేనూ కలిసి, కథ ఏమీ చెప్పకుండా ఓ గ్రాఫ్ చేతికిచ్చాం. లూసియానా రాష్ట్రం అన్నాం, అవి దేని అంకెలో చెప్పలేదు. 1896లో 1,30,334. 1900లో 5,320. 1904లో 1,342.

"ఏమై ఉంటుంది?" అని ఊరుకున్నాం. కలరా అన్నాడొకడు. వలసపోయుంటారంది ఇంకో పిల్ల. అప్పుడు రెండో గ్రాఫ్ తీశాం: అక్కడి నల్లవాళ్ళ జనాభా. 1890లో సుమారు 5.6 లక్షలు, 1900లో 6.5 లక్షలు. మనుషులు పెరిగారు! మరి తగ్గిందేమిటి? ఓటర్ల జాబితాలో వాళ్ళ పేర్లు.

ఎలా పోయాయని ఇక పిల్లలే మమ్మల్ని వదల్లేదు. 1898లో ఆ రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుని, ఓటు కావాలంటే చదువో ఆస్తో ఉండాలంది. 1867 జనవరి 1కి తండ్రికో తాతకో ఓటు హక్కు ఉంటే మాత్రం మినహాయింపు. అప్పటికి అక్కడి నల్లవాళ్ళలో ఏ తాతకుందిరా ఓటు? ఆ నిబంధనలో రంగు ఊసే లేదు చూడు. చట్టం చదివితే దొరకని దొంగ గ్రాఫులో దొరికాడు.

మిసిసిపీ గ్రాఫ్ కూడా చూపించాం. అర్హులైన నల్లవాళ్ళలో ఓటరుగా నమోదైనవాళ్ళు 1965 ఓటు హక్కు చట్టానికి ముందు 6.7 శాతం, 1967కి 59.8. పిల్లలు చప్పట్లు కొట్టారుగానీ, నాకా గ్రాఫ్ ఒక్కటే చూపించడం ఇష్టం లేదు. సంతకం పడగానే అంతా సర్దుకున్నట్టుంటుంది. ఆ ఓటు కోసమే పక్క రాష్ట్రం అలబామాలో ఊరేగింపుగా నడిచినవాళ్ళ మీద సెల్మా వంతెన దగ్గర పడిన లాఠీ దెబ్బలు ఆ రెండు చుక్కల మధ్య ఎక్కడా కనబడవు. అందుకే వెంటనే ఆ ఫొటోలు పెట్టాం.

అన్నట్టు, ఈ పని మాకన్నా ముందు చేసిన మహానుభావుడు డుబోయిస్, ఇక్కడి అట్లాంటా యూనివర్సిటీ ప్రొఫెసరు. 1900 పారిస్ ప్రదర్శనకి శిష్యుల్ని కూర్చోబెట్టుకుని చేత్తో రంగుల చార్టులు గీయించాడు. మా జార్జియా రాష్ట్రం నల్లవాళ్ళలో పల్లెల్లో ఉండేవాళ్ళు 7,34,952 మంది. ఆ గీత కాగితంలో పట్టదుగా, ఎర్రగా జంతికలా చుట్టేశాడు! మా పిల్లలిప్పుడు కంప్యూటర్ వదిలేసి రంగులు కలుపుతున్నారు. బెంచీలన్నీ ఎరుపే.

నువ్వూ మీ తొమ్మిదో తరగతికి లూసియానా అంకెలిచ్చి చూడు. పైన పేరు మాత్రం ముందే రాసెయ్యకు. వాళ్ళేం ఊహించారో నాకు రాయి. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

నీ
రవి