అచ్చేసే ముందు పదో తరగతి పుస్తకమైనా చూడండి

సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలో జుట్టు రంగు మీద మీరు వేసిన వ్యాసానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఇన్ని రోజులైనా సవరణ కనబడలేదు కాబట్టి రాయక తప్పలేదు.

‘తల్లిదండ్రులిద్దరిదీ నల్లజుట్టయితే పిల్లలదీ నల్లజుట్టే, కాకపోతే అనుమానించాల్సిందే’ అని పెట్టె కట్టి మరీ వేశారు. మా వీధిలో ఒక అత్తగారు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అతికించింది. మనవరాలి జుట్టు కాస్త రాగిరంగులో ఉంది లెండి. కోడలి పరిస్థితి నేను చెప్పక్కర్లేదు.

బహిర్గత (పైకి కనబడే), అంతర్గత (లోపల దాగి ఉండే) లక్షణాల గురించి అదే వ్యాసం రెండో పేరాలో సరిగ్గానే రాశారు. మరి రెండో పేరా రాసినాయన ఆ పెట్టె చదవలేదా? అమ్మలోనూ నాన్నలోనూ పైకి తేలని అంతర్గత జన్యువు ఒక్కొక్కటి ఉంటే, అది ప్రతి కాన్పులోనూ బిడ్డలో బయటపడే అవకాశం నాలుగింట ఒక వంతు. 1866లో మెండెల్ బఠానీ మొక్కల మీద అచ్చువేసిన లెక్క ఇదే. ఒంట్లో రంగు పదార్థం సరిగ్గా తయారుకాని ఆల్బినిజం చూడండి, నల్లజుట్టు దంపతులకు తెల్లజుట్టు బిడ్డ పుడుతుంది. మేనరికాలు వదలని మన దగ్గర ఇది ఇంకా బాగా తెలియాలి. మేనమామను చేసుకుంటే, పుట్టే బిడ్డకు ఏదైనా జన్యువు రెండు ప్రతులూ (అమ్మ ఇచ్చేదొకటి, నాన్న ఇచ్చేదొకటి) ఒకే పూర్వికుల నుంచి చేరే అవకాశం ఎనిమిదింట ఒక వంతు; దాగిన లక్షణం బయటపడడానికి అదో దారి. పెట్టె కట్టాల్సింది దీన్ని కదా!

అసలు జుట్టు రంగు ఒక్క జన్యువు చేతిలో లేదు. ఎర్రజుట్టుకు ఎంసీ1ఆర్ జన్యువు ముఖ్యం, నిజమే. కానీ 2018లో ఐరోపా సంతతి వాళ్లను దాదాపు 3 లక్షల మందిని పరిశీలిస్తే జుట్టు రంగుతో ముడిపడ్డ జన్యుస్థానాలు (జన్యుపదార్థంలోని చోట్లు) వందకు పైగా తేలాయి.

మన పసిపిల్లల జుట్టు రాగిరంగు తిరిగితే ముందు అడగాల్సింది తండ్రెవరని కాదు, కంచంలో పప్పూ గుడ్డూ ఉన్నాయా అని. మాంసకృత్తులు చాలకపోయినా జుట్టు నలుపు తగ్గుతుంది. అంగన్‌వాడీకి గుడ్లు సక్రమంగా వస్తున్నాయో లేదో రాయడానికి మాత్రం మీకు చోటుండదు. అధికారులు వస్తారు, రిజిస్టర్లో సంతకం పెడతారు, వెళ్తారు. పిల్ల నెత్తి వైపు చూసే నాథుడు లేడు. బళ్లో ల్యాబుకి తాళం, పత్రికలో సైన్సు పేజీకి ఇంటర్నెట్ తర్జుమా. ఒకప్పుడు ఇలాంటివి అచ్చుకు వెళ్లేముందు తెలిసినవాళ్లకు చూపించేవారు.

సవరణ వేసేట్టయితే అదే పేజీలో, అంతే పెట్టెలో వేయండి. రాశిఫలాల కింద చీమ తలకాయంత అక్షరాల్లో వద్దు.

— విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని, తెనాలి