తొలి ఇంటి కోసం: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఏళ్ల తరబడి అద్దె ఆలస్యం చేయనివాళ్లకు కూడా ఇంటి అప్పు అందడం లేదు. కిస్తీ కట్టలేక కాదు, ముందు పెట్టాల్సిన సొమ్ము లేక. అద్దె కడుతూనే అది కూడబెట్టేలోపు ధర ఇంకా పెరుగుతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరే. అప్పు దొరికినా, 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువైతే వడ్డీయే అసలును దాటిపోతుంది.

సబ్సిడీ ఒక్కటే చాలదండీ. ఇళ్లు పెరగకపోతే ఆ సాయం అమ్మేవాళ్ల ధరలోనే కలిసిపోతుంది. ఉద్యోగాలకు దగ్గరలో ఇళ్లు కట్టించండి. అద్దె సక్రమంగా కట్టిన రికార్డును అప్పు అర్హతలో లెక్కించేలా చూడండి. ధర పెరగాలని తాళం వేసి ఉంచిన ఇళ్లపై పన్ను వేయండి. ఈ చివరిదానికి వ్యతిరేకత వస్తుందని తెలుసు, అయినా వెనక్కి తగ్గొద్దని కోరుతున్నాను.

ఇట్లు,
అద్దె ఇంట్లో ఉంటున్న ఒక పౌరురాలు