బడికి ప్రొజెక్టర్ ఇచ్చే పూర్వ విద్యార్థులకు ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

నాది దేవరకొండలో చిన్న ఫొటో స్టూడియో. ఫిల్మ్ రీళ్ల కాలం నుంచి ఇదే బతుకుదెరువు. పెళ్లిళ్లు, ధోతి ఫంక్షన్లు, పదవీ విరమణ సన్మానాలు, దశదిన కర్మలు, ఎక్కడ గోడ మీద బొమ్మ పడాలన్నా అటు డిండి దాకా ఇటు మల్లేపల్లి దాకా నాకే ఫోన్ వస్తుంది. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్దుకోండి, పేరు మాత్రం వేయకండి. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా దిక్కు ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే చాలు, ఏదో ఒక ఊళ్లో పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం. శాలువాలు, జ్ఞాపికలు, గేటు ముందు ఫ్లెక్సీ, మధ్యాహ్నం బగారా భోజనం. మంచిదే. అందులో చాలామంది బడికి ఏదైనా ఇవ్వాలనుకుంటున్నారు. ఇదివరకు బీరువా, ఫ్యాన్లు, మంచినీళ్ల ఫిల్టర్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు చేతిసంచిలో పట్టే ప్రొజెక్టర్ ఇస్తున్నారు. నా గొడవంతా దాని గురించే.

మా దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు 1998-99 బ్యాచ్ వాళ్లు ఆగస్టు 15న జెండా ఎగరేశాక ప్రొజెక్టర్ బహూకరించారు. అందులో సగం మందికి హాల్ టికెట్ ఫొటో తీసింది నేనే, అందుకని ఫ్లెక్సీ నాకే ఇచ్చారు. ప్రొజెక్టర్ మాత్రం ఆన్‌లైన్‌లో 14 వేలు పెట్టి తెప్పించుకున్నారు. నన్నొక మాట అడగలేదు. అడిగితే కమీషన్ కోసం ఏదో అంటగడతాననుకున్నారో ఏమో! జూలైలో పార్సిల్ వచ్చిన పెట్టెను విప్పకుండా, దాని మీద రంగు కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి అట్లనే ఉంచారు. జెండా పండుగ నాడు పెద్దసార్ చేతికి పెట్టెను అందిస్తుండగా ఫొటో తీసింది కూడా నేనే.

వారం తిరక్కుండా పెద్దసార్ ఫోన్ చేశారు. "అన్నా, బొమ్మ కనపడ్తలేదు. జర వచ్చిపోరాదూ?"

పదకొండు గంటలప్పుడు పోయాను. పదో తరగతి గది, ఎదురెదురుగా నాలుగు కిటికీలు, వాటిలో రెండింటికి రెక్కల్లేవు. బోర్డు పక్కన గోడ మీద ఏడెనిమిది అడుగుల వెడల్పున బొమ్మ వేశారు. గుండె పనిచేసే తీరు మీద వీడియో అది. గుండె కొట్టుకుంటోందని చప్పుడును బట్టి తెలుస్తోంది గానీ, గోడ మీద ఏదో లేత గులాబీ మరక కదులుతున్నట్టుందంతే. మొదటి బెంచీ పిల్ల ఒకతి "నిన్నటి ముగ్గులెక్క ఉన్నది సార్" అంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా, నాకు అంత బాగా చెప్పడం రాలేదు.

పెట్టె తెప్పించి చూశాను. పైన పెద్ద అక్షరాలతో 9,500 ల్యూమెన్లు, 4కె అని ఉంది. ల్యూమెన్లంటే ప్రొజెక్టర్ విసిరే మొత్తం వెలుగు లెక్క, 4కె అంటే బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందో చెప్పే లెక్క. లోపలి చిన్న పుస్తకం చివరి పేజీలో, భూతద్దం పెడితే కనపడే అక్షరాల్లో 200 ఆన్సీ ల్యూమెన్లు, 1280 బై 720 అని ఉంది. అంటే అది 4కె వీడియోను తీసుకుంటుంది గానీ గోడ మీద వేసేది మాత్రం 720 గీతల బొమ్మే. 9,500 అనే అంకె ఎక్కడిదో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆన్సీ అంటే అమెరికా ప్రమాణాల సంస్థ, దాని లెక్కకు ఒక పద్ధతుంది. తెల్లటి తెరను తొమ్మిది భాగాలు చేసి, ఒక్కో భాగం నడుమ వెలుగు కొలిచి, సరాసరి తీసి, తెర వైశాల్యంతో గుణిస్తారు. ఐఎస్ఓ 21118 అనే ప్రమాణం కూడా దాదాపు ఇలాంటిదే. ఈ రెండింటిలో ఏ పేరూ లేకుండా ఉత్త ల్యూమెన్లు అని వేల అంకె వేస్తే, దాన్ని పెళ్లి పత్రికలో ముహూర్తం లాగా చూడాలి. ఆ టైముకు ఎవరూ తాళి కట్టరు.

200 ల్యూమెన్లంటే ఎంతో చెబుతాను. రెండు మీటర్ల వెడల్పు బొమ్మ వేస్తే దాని వైశాల్యం రెండుంబావు చదరపు మీటర్లు. 200ను దాంతో భాగిస్తే ఒక్కో చదరపు మీటరు మీద పడే వెలుగు వస్తుంది, దాన్నే లక్సులంటారు. అది 90 లోపే. పిల్లలు చదువుకునే గదిలో మామూలుగా ఉండాల్సిన వెలుగే 300 లక్సులంటారు. పట్టపగలు ఆ గోడ దగ్గర నా ఫోన్లోని మీటరు 400 దాటి చూపించింది. గుండె ఎక్కడ కనపడుతుంది?

డార్క్‌రూంలో పనిచేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నెగటివ్ నుంచి కాగితం మీదికి బొమ్మ వేసే ఎన్‌లార్జర్ తల పైకి లేపితే బొమ్మ పెద్దదవుతుంది, వెలుగు పలచనవుతుంది. బొమ్మ వెడల్పు రెట్టింపు చేస్తే వెలుగు సగం కాదు, పావు వంతు అవుతుంది. మా భాషలో రెండు స్టాపులు పోతాయి, అంటే వెలుగు రెండుసార్లు సగమైనట్టు. అప్పట్లో కాగితాన్ని వెలుగులో ఇంకాసేపు ఉంచి సరిచేసుకునేవాళ్లం. మనిషి కంటికి ఆ వీలు లేదు. ఇంకో సంగతి, ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నల్లగా ఉండాల్సిన చోట అది ఏమీ వేయదు, అంతే. ఆ చోట గోడ ఎంత తెల్లగా కనపడుతుంటే అదే మీ నలుపు. అందుకే గదిలోకి ఎండ వచ్చిందంటే ముందు నలుపు పోతుంది, తర్వాత రంగులు పోతాయి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒకే నీడ కదలకుండా ఉంటుంది. ఫొటోల కోసం ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. వెలుగు ఎటునుంచి రావాలో అంతగా ఆలోచించి రాయి నిలబెట్టిన జిల్లా మాది. మా బడుల్లో మాత్రం బోర్డుకు ఎదురుగానే కిటికీ పెడతారు.

సరే, చేసిందేమిటో చెబుతాను. ఒక పిల్లవాడి ఇల్లు బడి పక్కనే. వాళ్ల నాయన వడ్ల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు రెండు ఇచ్చాడు. రెక్కల్లేని కిటికీలకు వాటిని మేకులు కొట్టి కట్టాం, మిగతా రెండు మూశాం. బొమ్మను బోర్డు పక్క నుంచి తీసి, తలుపు ఉన్న గోడ మీదికి మార్చాం. అక్కడ వెలుతురు నేరుగా పడదు. ఆ గోడకు నడుము దాకా పచ్చ రంగుంది, అందుకని పైన సున్నం కొట్టిన భాగంలోనే పట్టేట్టు బొమ్మను ఐదడుగులకు తగ్గించాను. పెద్దసార్ మొహం చిన్నబోయింది. పెద్ద బొమ్మ కోసమే కదా కొన్నది! పిల్లల్ని మాత్రం ముందుకు జరిపి కూర్చోబెట్టాం. ఈసారి గుండె ఎర్రగా కనపడింది, కవాటాలు తెరుచుకోవడం మూసుకోవడం కనపడింది. ముగ్గు అన్న పిల్ల ఏమీ అనలేదు, నోట్‌బుక్‌లో గీసుకుంటోంది.

దూరం లెక్క కూడా చాలామందికి తెలియక నానా అవస్థ పడతారు. ప్రతి ప్రొజెక్టర్‌కు త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది. బొమ్మ వెడల్పును దాంతో గుణిస్తే ఎంత దూరంలో పెట్టాలో వస్తుంది. ఈ బడి దానికి అది 1.3. ఐదడుగుల బొమ్మకు ఆరున్నర అడుగులు. సుద్దతో నేల మీద గీత గీసి ఇచ్చాను, బల్ల కాళ్లు రోజూ ఆ గీత మీదే పెట్టాలని. నేను పోయేసరికి దాన్ని కింద బెంచీ మీద పెట్టి, ముందు భాగం కింద రెండు సాంఘిక శాస్త్రం పుస్తకాలు దూర్చి పైకి ఎత్తారు. అట్ల ఎత్తితే బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా వస్తుంది. కీస్టోన్ నొక్కి సరిచేయొచ్చు గానీ, అది చేసే పనల్లా బొమ్మను లోపలికి కుదించడమే. ఉన్న 720 గీతల్లో కొన్ని, ఉన్న కాస్త వెలుగులో కొంత దానికే పోతాయి. బల్ల మీద బల్ల వేసి బొమ్మ ఎత్తుకు తేవడం మేలు. పుస్తకాలు గాలి పోయే జాలీకి అడ్డం రావడం ఇంకో ముప్పు. నల్లగొండ ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. గాలాడకపోతే వేడెక్కి నడుమనే ఆగిపోతుంది.

వైర్ల దగ్గర ఇంకో తమాషా. సైన్స్ సార్ తన ఫోన్ కలపడానికి సీ పిన్ నుంచి హెచ్‌డీఎంఐకి పోయే వైరు 700 పెట్టి కొన్నారు. అది పనిచేయదు. వైరు తప్పు కాదు, ఆయన ఫోన్ సీ పోర్టులోంచి చార్జింగ్, డేటా తప్ప వీడియో రాదు. అన్ని ఫోన్లూ ఇవ్వవు, కొనేముందు చూసుకోవాలి. వైఫై మీద చూపిద్దామంటే బడిలో నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, నిమిషానికోసారి గుండె ఆగుతుంది. సినిమాల యాప్‌లైతే కాపీ రక్షణ వల్ల శబ్దం వచ్చి తెర నల్లగా ఉంటుంది. పాఠం వీడియో ముందు రోజే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

తెలుగు అక్షరాల బాధ వేరు. తెలుగు సార్ ఛందస్సు పాఠం డీటీపీ వాళ్లు వాడే ‘అను’ ఫాంట్లలో కొట్టి తెచ్చారు. బడి ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్లు లేవు. తెర మీద గురువులూ లేవు, లఘువులూ లేవు, పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వచ్చాయి. పిల్లలు ఒకటే నవ్వు. నేను రోజూ ఫ్లెక్సీల కోసం ఆ ఫాంట్లతోనే బతుకుతాను కాబట్టి స్టూడియోలో పీడీఎఫ్ చేసి పంపాను. ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా ఉండే యూనికోడ్ తెలుగులో కొడితే సగం బాధ పోతుంది, పీడీఎఫ్ చేస్తే మొత్తం పోతుంది. శబ్దానికి బడిలో ప్రార్థనకు వాడే బాక్స్ ఉంది, మామూలు ఆక్స్ వైరుతో కలిపితే యాభై మందికి సరిపోయింది.

ఇంత చెప్పానని చిన్న ప్రొజెక్టర్లు పనికిరావనుకోకండి. నా దగ్గరా అలాంటిదే ఒకటుంది. మొన్న ఎండాకాలం ఒక తండాలో దశదిన కర్మకు, పొద్దుగూకినాక వాకిట్లో తెల్లపంచె కట్టి పెద్దమ్మ ఫొటోలు వేశాను. గాలికి పంచె ఊగుతుంటే అడుగున వెదురు కర్ర కట్టి నిలబెట్టాం. అన్నీ కలిపి పదకొండే ఫొటోలు, అందులో మూడు ఆధార్, రేషన్ కార్డు, పింఛను కోసం దిగినవి. ఎనిమిదడుగుల బొమ్మ, అంత చీకట్లో చక్కగా కనపడింది. పింఛను ఫొటో దగ్గర కొడుకు "జర ఆపన్నా" అన్నాడు. చాలాసేపు దాన్నట్లనే ఉంచాను. వస్తువు మంచిదే, దానికి చీకటి కావాలి. బడి నడిచేది పట్టపగలు.

అందుకే పూర్వ విద్యార్థులకు నేను చెప్పేది, రిబ్బన్ కట్టకముందే పెట్టె విప్పండి. ఏ గదిలో వాడతారో ఆ గదిలోనే, పగలు పదకొండు గంటలకు, బోర్డు రాసే సార్‌తోనే వేయించి చూడండి. ఈ బడి విషయంలో పెట్టె విప్పేసరికి వాపసు గడువు దాటి నెల కావస్తోంది. అమ్మినవాళ్లు మాట్లాడలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయమని సలహా ఇచ్చాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. బహుమతిగా వచ్చిన వస్తువు మీద రచ్చ ఎందుకని పెద్దసార్ వెనకాడుతున్నారు. బిల్లున్నది ఇచ్చినవాళ్ల పేరు మీద, వాళ్లకు తమ బహుమతి బాగాలేదని చెప్పడానికి ఈయనకు మొహమాటం. నాకూ మొహమాటమే, ఫ్లెక్సీల గిరాకీ వాళ్లదే. పేరు వేయొద్దని అన్నది అందుకే.

మీకూ ఒక మనవి. మీ పేజీల్లో కొత్త వస్తువుల పరిచయం వస్తుంటుంది, పక్కన ప్రకటనలూ వస్తుంటాయి. పరిచయం రాసేటప్పుడు పెట్టె మీది అంకెను ఉన్నదున్నట్టు ఎత్తి రాయకుండా ఆన్సీ ఎంత, అసలు రిజల్యూషన్ ఎంత, ఎన్ని అడుగుల బొమ్మకు ఎంత దూరం కావాలో రాయించండి. మూడు లైన్లకు మించదు.

ఇక ఆ బడి సంగతి. 14 వేలలో ఓ మూడు వేలు తీసి కిటికీలకు దళసరి నల్లగుడ్డ కుట్టించి ఉంటే మొదటి రోజే పని జరిగేది. ఆ మాటే ఆ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఫ్లెక్సీ కోసం నన్నూ అందులో చేర్చారు లెండి. ఇరవై ఆరు బొటనవేళ్లు వచ్చాయి. గుడ్డ ఇంకా రాలేదు. వరికోతలు మొదలైతే ఆ టార్పాలిన్లు పిల్లవాడి నాయనకు వాపసు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియోవాడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా