జూమ్ అంకె చూసి మోసపోవద్దు

ఎడిటర్ గారికి,

మన జగదాంబ జంక్షన్ వైపు వీడియో కెమెరా కొనడానికి వెళ్తే ముందు చూపించేది డబ్బా మీద పెద్దగా రాసిన డిజిటల్ జూమ్ అంకె, అది ఉన్న బొమ్మని సాగదీయడమే తప్ప నిజంగా దగ్గరకి తేదు, కాబట్టి కొత్తవాళ్లు లెన్స్‌తోనే నిజంగా దగ్గరకి తెచ్చే ఆప్టికల్ జూమ్ ఎంతో అడగండి, చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ కూడా చూడండి. బయటి మైక్ తగిలించుకునే మైక్ జాక్ తప్పనిసరి. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని తీస్తే గాలి హోరే వినపడుతుంది, బొచ్చు తొడుగున్న చిన్న మైక్ ఉంటే చాలా నయం. ఫుల్ హెచ్‌డీ కన్నా స్పష్టంగా తీసే 4కే అని ఊరిస్తారు గానీ సెకనుకి 100 మెగాబిట్లతో తీస్తే గంటకి 45 జీబీ, ఆ మెమరీ కార్డుల ఖర్చు ఎవరిస్తారు? పుట్టినరోజులకి ఫుల్ హెచ్‌డీ చాలు. మీ పేపర్లో వేసే కెమెరా ప్రకటనల్లోనైనా ఆప్టికల్ జూమ్ అంకె వేయించండి సార్.

- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం